ఒక శవపేటిక, ఒక కుటుంబము



నవ్వవచ్చునో కూడదో తేల్చుకొనలేని నవల యొకదానిని గూర్చి నాలుగు మాటలు మనవి చేయుదును. అమెరికాలోని మిసిసిపీ రాష్ట్రమునకు చెందిన విలియం ఫాక్నర్ 1930లో ప్రకటించిన ఆ గ్రంథము పేరు ‘యాజ్ ఐ లే డయింగ్’. 1949వ సంవత్సరపు నోబెల్ బహుమానము పొందినవాడు ఈయనయే.

బండ్రెన్ వారు పేద రైతులు. ఇల్లాలు ఏడీ మరణశయ్యపై నుండగా పెద్దకుమారుడు కాష్ ఆమె కిటికీ యెదుటనే శవపేటిక చేయుచుండును. పలకలను ఎత్తి ఆమెకు చూపును. ఇది క్రౌర్యమా? నాకు ప్రేమగనే తోచినది. అతనికి మాటలు రావు, వడ్రంగమే వచ్చును.

తన పుట్టింటివారి నడుమ, జెఫర్సన్ పట్టణమున తన్ను పూడ్చవలెనని ఆమె భర్తచే మాట తీసికొనియుండెను. భర్త ఏన్స్, చెమటపట్టినచో చత్తునని చెప్పి పొరుగువారిచే పనులు చేయించుకొను ఘనుడు. అట్టివాడు ఇచ్చిన మాట తప్పననును! పట్టణమున పెట్టుడు పండ్లు కొనుక్కొనవలెనను కోరికయు లేకపోలేదు.

వరదకు వంతెనలు పోయెను. ఏరు దాటబోగా కంచరగాడిదలు మునిగి చచ్చెను. కాష్ కాలు విరిగెను. కట్టు కట్టించుటకు మారుగా దానిపై సిమెంటు పోసిరి! బాధ లేదనియే అతడు చెప్పును. శవము కంపుకొట్టగా రాబందులు వెంటబడెను.

ఈ యాత్రను ఎట్లైన ముగింపవలెనని రెండవ కుమారుడు డార్ల్, పేటిక యుంచిన కొట్టమునకు ఒక రాత్రి నిప్పుపెట్టెను. తమ్ముడు జ్యువెల్ మంటలలో దూరి దానిని బయటికి తెచ్చెను. అంతవరకు నవ్విన పాఠకుడు ఇచట ఆగిపోవును. ఏటిలోను నిప్పులోను విడిపోని ఆ కుటుంబము, కొట్టము యజమాని దావా వేయునను భయమున, తల్లిని పూడ్చినంతనే డార్ల్‌ను ఉన్మాద చికిత్సాలయమునకు అప్పగించెను. అందరికంటె ముందు అతనిపై బడినది చెల్లెలే. వారిలో కొంత వివేకము గలవాడు అతడేయని నా యభిప్రాయము. ఎవడు పిచ్చివాడో నిర్ణయించు హక్కు ఎవరికున్నదని కాష్ సందేహించును గాని, అడ్డుపడడు.

పదునైదుగురి నోట, 59 ప్రకరణములలో కథ నడచును. చనిపోయిన ఏడీయు ఒకచోట మాటలాడును. అందుచే ఏన్స్‌ను సయితము మనము పూర్తిగా అసహ్యించుకొనలేము.

చివరకు ఏన్స్ కొత్త పండ్లతో, కొత్త భార్యతో ప్రత్యక్షమగును. గోయి త్రవ్వుటకు పారలు ఎరువిచ్చిన యావిడయే ఆమె! ఆమె చేత గ్రామఫోను కలదు. అట్టిదానినే కొనుటకు కాష్ దాచుకొన్న రొక్కమును తండ్రి కంచరగాడిదలకై వ్యయపరచియుండెను. ఇక చలికాలపు రాత్రులలో పాటలు వినవచ్చునని కాష్ సంతసించును. వినుటకు డార్ల్ లేడే యని నొచ్చుకొనును.