నాణెము, గ్రంథము, స్వరాజ్యము

(ఒక గ్రంథాలయ వార్షికసభలో చేయబడిన ఉపన్యాసపు పాఠము)



ఈ దినములలో యువకులు నలుగురు కూడినచోట రెండు మాటలు వినవచ్చుచున్నవి. ప్రభుత్వమునకు లొంగని ద్రవ్యము పుట్టినదని యొకటి. ఎవ్వరును బంధింపజాలని జ్ఞానము పుట్టినదని రెండవది. ఈ రెంటికిని కలిపి వికేంద్రీకరణమని పేరిడినారు. ఆ పదము మనకు క్రొత్తది కాదు. అధికారమంతయు ఒక్క పట్టణమున గూడుకొనరాదు, గ్రామగ్రామమునకు దిగవలెనని తరములు పోరాడిన దేశము మనది. కావున ఆ మాట చెవినిబడగానే మన మనస్సు కరగుట సహజము. ఐనను పేరు చూచి మురిసిపోరాదు. అధికారము నిజముగా ప్రజలకడకు దిగినదా, లేక ఒక యింటినుండి మరియొక యింటికి కాపురము మార్చినదా? ఈ ప్రశ్నను విచారించుటకే మీ యెదుట నిలిచితిని.

ముందుగా వస్తువేమో తెలిసికొందము. 2008 అక్టోబరు 31వ తేదీన సతోషి నకమోటో అను పేరుతో తొమ్మిది పుటల వ్యాసమొకటి ఇంటర్నెట్టున వెలువడెను. ఆ పేరుగలవా డెవడో నేటికిని లోకమునకు తెలియదు. ఆ పథకము ననుసరించి 2009 జనవరి 3న బిట్‌కాయిన్ పుట్టెను. మన వర్తకుల చిట్టాను మనస్సున నుంచుకొనుడు. అంగడి చిట్టా యజమాని పెట్టెలో నుండును. మన నిలువ లెక్క బ్యాంకువారి కడ నుండును. బిట్‌కాయిన్ చిట్టాకు వేలకొలది ప్రతులు కలవు. కోరినవా డెవడైనను ఒక ప్రతి నుంచుకొనవచ్చును. క్రొత్త పద్దుల పుటను చేర్చుటకు యంత్రములు కఠినమైన లెక్కతో పోటీపడును. గెలిచిన యంత్రపువానికి క్రొత్త నాణెములు బహుమానము. దీనినే తవ్వక మందురు. మొత్తము నాణెములు 2 కోట్ల 10 లక్షలకు మించరాదని నిబంధన. వెనుకటి పద్దును దిద్దవలెనన్న ఆ తరువాతి పుటలన్నిటిని తిరిగి వ్రాయవలెను. అది ఒంటరివానికి సాధ్యము గాదు. గుమాస్తాను నమ్మనక్కరలేని చిట్టా యని దీనిని చెప్పవచ్చును. బుద్ధిమంతులు చేసిన పని యని ఒప్పుకొనక తప్పదు.

ఇట్టి చిట్టాపై జనులకు మోజు కలుగుటకు కారణము లేకపోలేదు. ఆ వ్యాసము వెలువడిన సంవత్సరముననే అమెరికాలో పెద్ద బ్యాంకులు కూలి, నిరపరాధులు వీధుల పాలైరి. మన దేశమున 2016 నవంబరు 8వ తేదీ రాత్రి 500, 1000 రూపాయల నోట్లు చెల్లవని ప్రకటన వచ్చెను. చలామణిలోని నోట్ల విలువలో నూటికి సుమారు 86 వంతులు ఆ నోట్లే. కూలివాడు పని మాని బ్యాంకు ముంగిట బారులు తీరెను. 2023 జనవరి 2న సుప్రీంకోర్టులో నలుగురు న్యాయమూర్తు లా చర్యను సమర్థించిరి. ఐదవవారగు జస్టిస్ నాగరత్నగారు మాత్రము, కేంద్రప్రభుత్వమే తలపెట్టిన యిట్టి కార్యము పార్లమెంటు చేసిన శాసనముచే జరుగవలసియుండెనని భిన్నాభిప్రాయము వ్రాసిరి. ఆ మాటను జ్ఞాపకముంచుకొనుడు. నా యుపన్యాసమున కదియే ఇరుసు. అధికారమున్నదా లేదా యనునది ముఖ్యము గాదు. అది యెవరికి జవాబు చెప్పవలెనో అది ముఖ్యము.

ఈ గీటురాతిపై రాజులేని ద్రవ్యమును గీచి చూతము. తవ్వకము మొదట ఇంటింటి కంప్యూటరుపై జరిగెను. లాభము పెరిగినకొలది విశేషయంత్రములు, చౌకవిద్యుత్తు గలవారిదే పైచేయి యాయెను. 2014 జూను మాసమున ఒక్క కూటమియే మొత్తము యంత్రబలములో సుమారు సగమును చేకొనెను. సగము దాటిన కూటమి చిట్టాలోని యిటీవలి పద్దులను తారుమారు చేయగలదు. ఆనాడు గండము గడచినది గాని, ఏ శాసనమువలనను గడవలేదు. కూటమివారు వెనుకకు తగ్గుటవలనను, కొందరు దానిని విడిచిపోవుటవలనను గడచినది.

ఎథీరియం అను మరియొక చిట్టాపై 2016లో ‘ది డావో’ అను ఉమ్మడి నిధి యేర్పడెను. ప్రోగ్రాములో వ్రాసినదే శాసనము, మానవుని జోక్యము లేదని దాని ప్రతిజ్ఞ. జూను 17న ఎవడో ఆ ప్రోగ్రాములోని సందును కనిపెట్టి సుమారు 36 లక్షల ఈథరులను లాగికొనెను. శాసనమున నున్నట్లే చేసితినని వాడు వాదించినచో ఆ ప్రతిజ్ఞ పట్టినవారు ఏమి ప్రత్యుత్తర మీయగలరు? జూలై 20న చిట్టానే మార్చి ఆ సొమ్మును మరలించిరి. ఒప్పుకొననివారు పాత చిట్టాను ఎథీరియం క్లాసిక్ అను పేరుతో వేరుగా సాగించుచున్నారు. నష్టపోయినవారికి సొమ్ము చేరుట మంచిదే కావచ్చును. నేను వకీలును గనుక నా ప్రశ్న వేరు. ఈ తీర్పు చెప్పిన దెవరు? ఏ రాజ్యాంగము ననుసరించి చెప్పిరి? దానిపై అప్పీలు ఎక్కడ? ముందుగా ఒక అభిప్రాయసేకరణ జరిగినమాట నిజమే. అందు ఓటు మనిషిని బట్టి కాక నాణెముల పరిమాణమును బట్టి లెక్కింపబడెను. ఆస్తిని బట్టి ఓటు! 1935 శాసనముక్రింద మన తాతలకు తెలిసిన పద్ధతి యిదే. దానిని తీసివేసి, బిచ్చగానికిని కోటీశ్వరునికిని ఒక్కొక్క ఓటే యని 1950లో మన రాజ్యాంగము చాటినది. ఆ వదిలిన దానిని క్రొత్త పేరుతో తిరిగి తలకెత్తుకొందమా?

ఇక సామాన్యుని సంగతి. అతడు చిట్టా ప్రతిని ఉంచుకొనడు. రహస్యపు తాళపుచెవి పోయినచో సొమ్ము పోయినట్లే గనుక, భయపడి వినిమయశాల నొకదానిని నమ్మును. 2022 నవంబరులో ఎఫ్.టి.ఎక్స్. అను గొప్ప వినిమయశాల దివాలా తీసెను. దాని స్థాపకునికి 2024 మార్చిలో అమెరికా కోర్టు 25 యేండ్ల ఖైదు విధించెను. కంచె చేను మేయుట యన నిదియే. 2024 జూలై 18న మన దేశపు వజీర్‌ఎక్స్ నుండి సుమారు 23 కోట్ల డాలర్ల విలువగల నాణెములు దొంగిలింపబడెను. ఖాతాదారుల సొమ్ము నిలిచిపోయెను. బ్యాంకు కూలినచో 5 లక్షల రూపాయల వరకు డిపాజిట్టుకు 2020 నుండి భీమా కలదు. ఇచ్చట నట్టిది లేదు. గుమాస్తాను నమ్మనక్కరలేదని బయలుదేరిన బాట, బ్యాంకు కట్టుబాట్లు లేని గుమాస్తా గుమ్మమునకే చేరినది.

అట్లని ప్రభుత్వము చేసినదెల్ల మేలని నేననను. 2018 ఏప్రిలు 6న రిజర్వు బ్యాంకు ఒక సర్కులరు పంపి, ఈ నాణెముల వ్యాపారులకు సేవ చేయరాదని బ్యాంకులను శాసించెను. వ్యాపారమును నిషేధింపలేదు, గొంతు మాత్రము నొక్కెను. 2020 మార్చి 4న సుప్రీంకోర్టు ఆ సర్కులరును కొట్టివేసెను. బ్యాంకునకు అధికారము లేదనలేదు. తన యధీనమందలి సంస్థలకు కలిగిన నష్టమును చూపక యింత కఠినచర్య తీసికొనుట తగదనెను. 2021 శీతకాలపు సమావేశపు కార్యక్రమములో ఒక బిల్లు పేరు కనబడెను గాని, అది సభ ముందుకు రాలేదు. మరుసటి సంవత్సరమే లాభముపై నూటికి 30 పన్ను, 2022 జూలై 1 నుండి ప్రతి బదిలీపై నూటికి 1 చొప్పున మినహాయింపు వచ్చిపడెను. వస్తువేమో, దాని వ్యాపారి కర్తవ్యమేమో నిర్ణయించు సమగ్రశాసనము పుట్టకమునుపే పన్ను పుట్టినది. ఆలు లేదు, చూలు లేదు, కొడుకు పేరు సోమలింగము!

ఆ సంవత్సరము డిసెంబరు 1న రిజర్వు బ్యాంకువారు సామాన్యుల వాడుకకు డిజిటల్ రూపాయిని ప్రయోగముగా ప్రారంభించిరి. మంచిదే. కాని నోటు చేతులు మారినప్పుడు దానికి కన్నులు లేవు. ఈ రూపాయికి కన్నులుండవచ్చును. నిర్ణీత ప్రయోజనమునకే చెల్లునట్లు నాణెమునకు కట్టుబాటు పెట్టు ఏర్పాటును గూర్చి 2024 ఫిబ్రవరిలో రిజర్వు బ్యాంకే ప్రకటించెను. నేడది ఎరువుల సహాయమునకు ఉపయోగపడవచ్చును. రేపు నచ్చనివాని నాణెము చెల్లకుండ జేయుటకును ఉపయోగపడవచ్చును. ఏకాంతము ప్రాథమికహక్కని 2017 ఆగస్టు 24న తొమ్మండుగురు న్యాయమూర్తులు ఏకగ్రీవముగా చెప్పిరి. ఆ హక్కు తీర్పుల సంపుటములలోనే గాక, మన జేబులోని రూపాయియందును నిలువవలెను.

ఇప్పుడు గ్రంథమునకు వత్తము. ఇది గ్రంథాలయము, ఈ సంగతి మీ సొంత సంగతి. నాణెపు కథకును గ్రంథస్వామ్యపు కథకును ముడి వేసిన వ్యాజ్యమొకటి కలదు. క్రెయిగ్ రైట్ అను ఆస్ట్రేలియా దేశస్థుడు తానే సతోషి నకమోటో ననియు, ఆ తొమ్మిది పుటల వ్యాసముపై కాపీరైటు తనదే యనియు వాదించెను. 2021 జూనులో లండను హైకోర్టు, ఎదిరిపక్షము హాజరుకానందున, బిట్‌కాయిన్ పేరిటి వెబ్‌సైటు ఆ వ్యాసమును బ్రిటనులోనివారికి అందింపరాదని ఉత్తరువు చేసెను. ఎదిరిపక్షమేల రాలేదు? వచ్చినచో మారుపేరు వెనుకనున్న నిజమైన మనిషి బయటపడును. వ్యాసము మాత్రము ఇతర స్థలములలో వ్యాపించుచునే యుండెను. ఇది వికేంద్రీకరణపు బలము. ఐతే అబద్ధము అబద్ధమని తేలిన దెప్పుడు? 2024 మార్చి 14న జస్టిస్ మెల్లర్ బహిరంగవిచారణానంతరము, రైట్ ఆ గ్రంథకర్త కాడని తీర్పు చెప్పెను. దస్తావేజులు కల్పించినట్లు పిమ్మట వ్రాసెను. వేల ప్రతుల చిట్టా ఈ పని చేయజాలదు. సాక్షిని బోనెక్కించి ప్రశ్నించు బహిరంగస్థానము అందులకు కావలసివచ్చెను.

మన బీరువాలోని పుస్తకమును చూడుడు. దానిని కొంటిమి, నేడొకరికి, రేపొకరికి ఎరువిత్తుము, ఎవరి సెలవును కోరము. 1914 ఏప్రిలులో బెజవాడయందు ఆంధ్రదేశ గ్రంథాలయ ప్రతినిధులు తొలిసారి సభదీరి, అయ్యంకి వెంకటరమణయ్యగారి వంటి వారి కృషిచే ఉద్యమమై సాగినది ఈ స్వేచ్ఛను పునాదిగా చేసికొనియే. డిజిటల్ పుస్తకము అట్టిది కాదు. అందు మనము కొనునది పుస్తకము గాదు, చదువుకొను సెలవు. 2009 జూలైలో అమెజాన్ కంపెనీ, విక్రేతకు హక్కు లేదని తెలిసి, జార్జి ఆర్వెల్ నవలలను పాఠకుల యంత్రములనుండి తుడిచివేసెను. సొమ్ము తిరిగి యిచ్చెను, క్షమాపణయు చెప్పెను. కాని దూరమునుండి మన బీరువాలో చేయి పెట్టగలదని లోకమునకు తెలిసిపోయెను.

గ్రంథకర్త కడుపు కొట్టుమని నే ననుట లేదు. 1910లో ‘హింద్ స్వరాజ్’ ఆంగ్లానువాదమును ప్రకటించుచు గాంధీజీ దానిపై హక్కులేవియు నిలుపుకొనలేదని అచ్చువేయించిరి. పిమ్మట తమ రచనల హక్కులను నవజీవన్ సంస్థకు అప్పగించిరి. ఆయన మరణించిన 60 యేండ్ల గడువు తీరగా, 2009 జనవరి 1న అవి సర్వజనుల సొత్తాయెను. చూచితిరా! చట్టమిచ్చిన హక్కునకు యజమాని పేరున్నది, గడువున్నది, విద్యార్థులకు మినహాయింపున్నది. 2016లో ఢిల్లీ విశ్వవిద్యాలయపు జిరాక్సు వ్యాజ్యములో హైకోర్టు ఆ మినహాయింపునే నిలబెట్టెను. కంపెనీ వేసిన డిజిటల్ తాళమునకు 60 యేండ్ల గడువు తెలియదు. విద్యార్థి యెవడో, వర్తకుడెవడో తెలియదు. చట్టము పేరుచెప్పి చట్టము నీయని అధికారమును అది చేకొనుచున్నది.

కావున మనము కోరవలసినవి మూడు. మొదటిది: ఈ నాణెములను గూర్చి సర్కులరులతోను, పన్నులతోను సరిపుచ్చక, పార్లమెంటు బహిరంగముగా చర్చించి సమగ్రశాసనము చేయవలెను, ఖాతాదారుని సొమ్మును వ్యాపారి సొమ్ముతో కలుపరాదనియు, లెక్కలు తనిఖీ కావలెననియు అందుండవలెను. రెండవది: డిజిటల్ రూపాయికి ఏకాంతమును, కాగితపు నోటునకు మనుగడను శాసనముచే రక్షింపవలెను. మూడవది: గ్రంథాలయము వెలయిచ్చి కొన్న డిజిటల్ పుస్తకమును, ఒకసారి ఒకరికి చొప్పున, కాగితపు పుస్తకమువలెనే ఎరువిచ్చు హక్కు చట్టమున స్పష్టముగా నుండవలెను.

సోదరులారా! రాజు లేకపోవుటయే స్వరాజ్యము గాదు. రాజు లేనిచోట బలవంతుడు రాజగును. వానికి కిరీటముండదు గనుక మనము గుర్తింపలేము. మనపై చెల్లు అధికారము మన కంటికి కనబడవలెను, మన ప్రశ్నకు జవాబు చెప్పవలెను, మన ఓటుతో మారవలెను. దీనికే స్వరాజ్యమని పేరు. యంత్రముచే వచ్చినను, ప్రభుత్వముచే వచ్చినను, కంపెనీచే వచ్చినను, ప్రతి క్రొత్త అధికారమును ఈ మూడు ప్రశ్నలతో నిలదీయుడు. అప్పు చేసి నాణెములు కొను తమ్ముని వారింపుడు. మీ నియోజకవర్గపు సభ్యుడు ఊరికి వచ్చినప్పుడు రోడ్డును గూర్చి యడిగినట్లే, ఈ మూడు కోరికలను గూర్చియు అడుగుడు.