కంప్యూటరునందు తేలికపాటి టెక్స్ట్ ఎడిటర్లు
(వార్షిక మహాసభ రెండవ దినమున చేసిన యుపన్యాసము)



విద్యార్థి వసతిగృహమును గూర్చియు, ఉపకారవేతన నిధిని గూర్చియు పెద్దలు ప్రసంగించిన పిమ్మట, కంప్యూటరులో అక్షరములు వ్రాసెడు పనిముట్టును గూర్చి మాటలాడుమని కార్యదర్శిగారు నన్నాజ్ఞాపించుట కొందఱకు వింతగా తోచవచ్చును. సంస్కృతము చెప్పుకొని బ్రతికినవానికి కంప్యూటరుతో నేమి పని యని మెల్లగా నవ్వుకొన్నవారిని వేదికమీదినుండి చూచితిని. కాని మన కుటుంబ పట్టికను వ్రాయు పని పదేండ్లకు పైగా నా చేతిలో నున్నది. అందు నేను చేసిన తప్పు నొకదానిని సభాముఖమున చెప్పుకొనవలసి యున్నది.

మన మొదటి కుటుంబ పట్టిక 2005లో అచ్చుపడినది. అక్షరములు కూర్చినది పట్టణములోని యొక డి.టి.పి. దుకాణము. 2014లో దానిని పెంచి మరల ముద్రింపదలచి, ఆనాటి సి.డి.ని వెదకి తెచ్చి క్రొత్త కంప్యూటరున తెరచితిమి. తెలుగక్షర మొక్కటియు కనబడలేదు. ఇంగ్లీషు అక్షరములును, డాలరు గుర్తులును, కుండలీకరణములును కలగాపులగముగా తెరయంతయు నిండినవి. సి.డి. చెడిపోలేదు. ఆ కాలమున దుకాణములలో వాడిన తెలుగు ఫాంటులు పెక్కింటిలో, ఇంగ్లీషు అక్షరమునకు ఏర్పడిన స్థానమున తెలుగు రూపమును కూర్చుండబెట్టుట వాడుక. ఆ ఫాంటున్నంత వఱకు అది తెలుగు. అది లేనినాడు ఏ భాషయు కాదు. దుకాణమా, అప్పటికే మూతపడినది.

నిజమునకు తెలుగు అక్షరములకు సొంత సంఖ్యలు అంతకు చాల ముందే యేర్పడినవి. 1991లో వెలువడిన యూనికోడు మొదటి కూర్పునందే మన లిపికి 128 స్థానముల గది యొకటి కేటాయింపబడినది. ఆ సంఖ్యలను ఫైలులో భద్రపఱచు పద్ధతులలో నేడు లోకమంతట నడచుచున్నది యు.టి.యఫ్.-8 అనునది, దానిని 1992లో కెన్ థాంప్సన్, రాబ్ పైక్ అను నిరువురు రూపొందించిరి. ఈ పద్ధతిని వ్రాసిన పేరు ఏ ఫాంటుతో చూచినను, ఏ దేశమున చూచినను ఆ పేరే. డల్లాసులో నున్న మనవాని ఫోనులోను, కోనసీమలోని మేనమామ కంప్యూటరులోను అదియే కనబడును.

ఇది నాకప్పటికి తెలియదు. పట్టికను మొదటినుండి వ్రాయ పూనుకొని, ల్యాప్‌టాపు చేతబట్టి గ్రామములు తిరిగితిని. ఒక యూర తొంబది యేండ్ల వృద్ధు రొకరు అరుగుమీద కూర్చుండి తమ వంశమున ఏడు తరముల పేర్లు చెప్పిరి. ఏ యింటి యాడపడుచు ఏ యూరికి కోడలై పోయినదియు చెప్పిరి. కాగితము మీద వ్రాసికొనుట పాతకాలపు పద్ధతి యని నాకప్పుడు తోచినది. అన్నియు తిన్నగా నోట్‌ప్యాడులోనే వ్రాసితిని. సాయంకాలము భద్రపఱచబోగా ఇంగ్లీషున ఏదో హెచ్చరిక కనబడినది. బస్సునకు వేళయైనది. చదువకయే సమ్మతించి మూసితిని.

పది దినముల పిమ్మట తెరచి చూడగా వయస్సులు, ఫోను సంఖ్యలు చెక్కుచెదరక యున్నవి. పేర్లన్నియు ప్రశ్నార్థకములై పోయినవి. నాటి నోట్‌ప్యాడు, మనము వేఱుగా కోరిననే తప్ప, ‘ఆన్సి’ యను పాత పద్ధతినే భద్రపఱచెడిది. ఆ పద్ధతిలో తెలుగునకు చోటు లేదు. చోటు లేని ప్రతి గుర్తునకును ఒక ప్రశ్నార్థకమును వ్రాయును. నేను చదువని హెచ్చరిక ఆ మాటయే చెప్పినది. ‘రామయ్య’ యనుదానికి ఆరు ప్రశ్నార్థకములు: ర, దీర్ఘము, మ, య, పొల్లు, మరల య. ఆ లెక్కనుబట్టి పేర్ల నూహింప రెండు రాత్రులు కూర్చుంటిని. ఆరు గుర్తుల పేరు రామయ్యయు కావచ్చును, సోమయ్యయు కావచ్చును. నెల దినములకు మరల ఆ యూరు పోవుసరికి వృద్ధులు గతించిరి. వారి కుమారులకు నాలుగు తరములే తెలియును. తక్కిన మూడు తరముల స్థానము నేటికిని మన పట్టికలో ఖాళీగనే యున్నది. దానికి కారణము నేనే.

ఇక పనిముట్టును గూర్చి. టెక్స్ట్ ఎడిటరునకు ‘లఘులేఖన సాధనము’ అని పేరు పెట్టవచ్చును గాని, దుకాణమున అట్లడిగినవానిని వెఱ్ఱివానినిగా చూతురు; కావున ఎడిటరనియే యందము. ఇది వట్టి అక్షరములను మాత్రమే దాచును. లావు అక్షరములు, రంగులు, బొమ్మలు దీనికి తెలియవు. శుభలేఖకు ఇది పనికిరాదు. దానికి వర్డు వంటివి కలవు. పట్టికలకు, జమాఖర్చులకు, సమావేశ వృత్తాంతములకు ఈ లోపమే గుణము. పాణిని మహర్షి భాషాశాస్త్రమును సుమారు 4000 సూత్రములలో నిమిడ్చినాడు. ఒకచోట చెప్పిన పదమును తరువాతి సూత్రములకు అనువృత్తిచే తెచ్చుకొనుటయే గాని మరల చెప్పడు. ఆ లాఘవమును జీవితమంతయు బోధించిన నాకు, అక్షరము తప్ప మఱేమియు మోయని ఫైలు సహజముగనే నచ్చినది.

లెక్క చూడుడు. యు.టి.యఫ్.-8లో ఒక్కొక్క తెలుగు గుర్తునకు మూడు బైట్లు పట్టును. ‘శ్రీ’ యనునది మనకు ఒక్క యక్షరము; యంత్రమునకు శ, పొల్లు, ర, ఈత్వము అను నాలుగు గుర్తులు, అనగా 12 బైట్లు. ఒక్కొక్క కుటుంబమునకు 500 గుర్తులు వ్రాసినను 400 కుటుంబములకు ఆఱు లక్షల బైట్లే. సెల్‌ఫోనుతో తీసిన ఛాయాచిత్రము సాధారణముగా అంతకన్న పెద్దది.

ప్రోగ్రాములు వచ్చును, పోవును. 1995నుండి విండోస్‌తో కూడ వచ్చుచుండిన వర్డ్‌ప్యాడు 2024 నాటి విండోస్ 11 కూర్పున తొలగింపబడినది. వట్టి అక్షరముల ఫైలునకు ఆ భయము లేదు. ఒక యెడిటరు పోయిన వేఱొకటి తెరచును.

ఏది వాడవలెనని యడుగుదురు. నోట్‌ప్యాడే చాలును, కాని మీది ఏ నాటిదో చూచుకొనుడు. 1985లో మొదటి విండోస్‌తో వచ్చిన యీ ముసలి యెడిటరు 2019లో గాని బుద్ధి తెచ్చుకొనలేదు: ఆ యేటి విండోస్ 10 కూర్పు మొదలు క్రొత్త ఫైలును తనంతట యు.టి.యఫ్.-8లో భద్రపఱచుచు, ఆ సంగతిని క్రింది పట్టీలో చూపుచున్నది. అంతకు పూర్వపుదైనచో భద్రపఱచునపుడు ‘ఎన్‌కోడింగ్’ అనుచోట మీరే యెన్నుకొనవలెను. ఇటీవల దీనికి కృత్రిమ మేధను గూడ తగిలించుచున్నారు. పద్దుల పుస్తకమునకు పట్టుఱవిక తొడిగినట్లున్నది.

నేను వాడునది నోట్‌ప్యాడ్++. 2003లో డాన్ హో యనువారు వెలువరించిరి; వెల లేదు, పాత కంప్యూటరునందును చురుకుగా తెరచుకొనును. ఇందు వరుసలను అక్షరక్రమమున పేర్చవచ్చును, ఒక గ్రామనామమును పట్టికయంతట నొక్కసారిగా సవరింపవచ్చును. అయితే యంత్రము పేర్చునది సంఖ్యాక్రమమున గాని వర్ణమాలాక్రమమున గాదు. యూనికోడున ‘ళ’ అనునది ‘ల’ను వెన్నంటి, ‘వ’కు ముందు వచ్చును. హకారమునకు పిమ్మట ళకారమును చెప్పించిన నా బోటివారికిది మింగుడుపడదు.

అంతకన్న చిక్కైన సంగతి యొకటి. పొల్లుతో ముగియు పేర్లు, ‘మోహన్’, ‘శ్రీనివాస్’ వంటివి, వ్రాయునపుడు కొన్ని కీబోర్డులు చివర కంటికి కనబడని గుర్తు నొకదానిని చేర్చును. చూచుటకు రెండు పేర్లును ఒక్కటియే, యంత్రమునకు వేఱు. ఈ కారణముచేతనే మన పట్టికలో ఒక కుటుంబము రెండు సార్లు చేరి, ఒక విద్యార్థి యుపకారవేతనపు దరఖాస్తు మూడు వారములు నిలిచిపోయినది. కుఱ్ఱవాడు రుసుమునకు అప్పు చేయవలసివచ్చెను. నోట్‌ప్యాడ్++ క్రొత్త కూర్పులలో ఇట్టి గుర్తులను బయటపెట్టు సదుపాయము కలదు, దానితోనే పట్టుకొంటిని.

లినక్స్ వాడు యువకులు కొందఱు నన్ను నానో, విమ్ అనువానివైపు లాగజూచిరి. ప్రోగ్రాములు వ్రాయువారికి అవి దివ్యముగా నుండవచ్చును. విమ్ లోనికి ప్రవేశించి, వెలికి వచ్చు దారి తెలియక అభిమన్యునివలె చిక్కుకొని, తుదకు కంప్యూటరు నార్పివేసితిని. అదియట్లుండ, అవి పనిచేయు టెర్మినలు కిటికీలు పెక్కింటిలో మన గుణింతములు, వత్తులు సరిగా కూడవు. లినక్స్ వారు మౌస్‌ప్యాడు వంటి కిటికీ యెడిటరును వాడుట మేలు. మీకు తెలిసినది మఱేదైనను సరే, మొదట ‘లక్ష్మీస్వాతంత్ర్యము’ అని వ్రాసి, భద్రపఱచి, మూసి, మరల తెరచి చూడుడు. వత్తులన్నియు ఉన్నచోట ఉన్నచో దానిని నమ్మవచ్చును.

మన పట్టిక యిప్పుడు ఒక్కొక్క కుటుంబమున కొక్కొక్క వరుసగా మూడు చోట్ల నున్నది: కార్యాలయపు కంప్యూటరున, కోశాధికారిగారి పెన్‌డ్రైవున, నా యింట. కాగితము మీద గూడ వ్రాసికొనుచున్నాను. పాత సి.డి.లు, డి.టి.పి. ఫైలులు మీ యిండ్లలో నున్నచో పారవేయకుడు. ఫాంటు పేరు తెలిసినచో కొన్నిటిని యూనికోడునకు మార్చుటకు సాధనములు కలవు. రేపు ఉదయము తొమ్మిది గంటలకు భోజనశాల ప్రక్క గదిలో నా ల్యాప్‌టాపుతో కూర్చుందును. మీ కుటుంబపు వరుసను స్వయముగా చూచి తప్పులు దిద్దింపుడు. ఇంట పెద్దవారున్నచో వారిని వెంటబెట్టుకొని రండు.