కాగితమునకు గంజియు సున్నమును

(గ్రంథాలయ రజతోత్సవ సభ యందలి ప్రసంగపాఠము)



అక్షరమును గూర్చి సభలలో వినవచ్చు ప్రశంసలో పదవవంతైనను ఆ యక్షరమును మోయు కాగితమునకు లభింపదు. గ్రంథాలయమునకు ఇరువదియైదేండ్లు నిండిన యీ శుభసమయమున ఆ కాగితమును తలచుకొనుట యుక్తము. ఏలయన, మనుష్యునకువలెనే కాగితమునకును ఆయుర్దాయము కలదు. అది కొంత పుట్టుకను బట్టియు, కొంత పోషణను బట్టియు ఉండును.

పూర్వము వర్తకులును లెక్కలు వ్రాయువారును కడితము అను సాధనము నుపయోగించెడివారు. నూలుబట్టకు చింతగింజల అంబలి పట్టించి, బొగ్గుపొడి పూసి, ఆరనిచ్చి, మడతలుగా పెట్టి, బలపముతో వ్రాసెడివారు. బట్ట నార, అంబలి జిగురు, బొగ్గు పొడి. నార, జిగురు, పొడి అను నీ మూటి పొందికయే నేటి కాగితపు రహస్యము కూడ. యంత్రములు మారినవి గాని సూత్రము మారలేదు.

క్రీ.శ. 105లో చైనాదేశమున త్సాయ్ లున్ అను రాజోద్యోగి చెట్లబెరడు, జనుము, పాతగుడ్డలు, చేపలవలలు నానవేసి దంచి చేసిన కాగితమును చక్రవర్తికి సమర్పించెనని ఆ దేశచరిత్ర చెప్పును. నీటిలో తేలు నార జల్లెడపై పొరగా నిలిచి, నీరు పోయినకొలది ఒకదానినొకటి పట్టుకొనును. అదియే కాగితము. కాని నారపోగుల నడుమ సందులుండును. అట్టి కాగితముపై సిరా పెట్టినచో అద్దుడుకాగితముపై వలె వ్యాపించును. అందుకు విరుగుడుగా చైనావారును అరబ్బులును పిండిగంజిని పట్టించిరి. కాశ్మీరమున బియ్యపుగంజి పట్టించి, నున్నని రాతితో మెరుగుపెట్టెడివారు. ఇటలీదేశమున ఫాబ్రియానో పట్టణమువారు 13వ శతాబ్దిలో పశువుల తోళ్లనుండి కాచిన జిగురును వాడిరి.

ఇక పొడి మాట. తెల్లని చీనామట్టియో, సుద్దయో నారతో కలిపినచో సందులు పూడును. కాగితము తెల్లనగును, నున్ననగును. ఒకవైపు అక్షరములు రెండవవైపునకు కనబడవు. నారకన్న మట్టి చౌక గనుక ఖర్చు కూడ తగ్గును. అట్లని మట్టిని మితిమీరి కలుపరాదు. రేణువు నారపోగుల నడుమ అడ్డుగా కూర్చుండుటచే వాని పట్టు సడలును. కాగితము చిరుగును, పొడి రాలును.

ఇచ్చట గంజి మరల అక్కరకు వచ్చును. నారయు పిండియు పైకి వేరుగా కనబడినను రెండును గ్లూకోజు అను చక్కెర కణములు గొలుసులుగా కూడగా ఏర్పడినవే. ఆ చుట్టరికముచే పిండి నారను గట్టిగా పట్టుకొనును. నీటిలో నార పోగులకు ఋణవిద్యుత్తు ఉండును. కావున నేటి మిల్లులలో పిండికి రసాయనక్రియచే ధనవిద్యుత్తు కల్పించి కలుపుదురు. అప్పుడు పిండి వంతెనవలె నిలిచి, ఒకచేత నారను, ఒకచేత రేణువును పట్టి, పోవలసిన బలమును కొంత నిలుపును.

అయితే నడుమ ఒక పొరపాటు జరిగినది. 1807లో జర్మనీదేశీయుడు ఇల్లిగ్ అనునతడు పైనుచెట్ల జిగురునుండి తీయు రోజనును, పటికను కలిపి కాగితమును సిరా పీల్చకుండ చేయు పద్ధతిని ప్రకటించెను. అది సులభము, చౌక. కాని పటికవలన కాగితమున ఆమ్లము పుట్టును. ఆమ్లము నారగొలుసులను ఏండ్లతరబడి తెంచుచుండును. పిమ్మట వచ్చిన కొయ్యగుజ్జు కాగితము ఆ నష్టమును పెంచినది. నూరేండ్లనాటి పుస్తకపుటంచు వ్రేలు తగిలిన మాత్రమున విరుగుటకు కారణము ఇదియే. అమెరికాలోని వర్జీనియాలో విలియం బారో అను పరిశోధకుడు 1900-1949 నడుమ అచ్చయిన 500 పుస్తకముల కాగితమును పరీక్షించి, అందత్యధికము బలహీనమని 1959లో వెల్లడించెను.

దీనికి మందు సున్నము. పటిక ఉన్నచోట సుద్ద నిలువదు, ఆమ్లమున కరగిపోవును. పటిక అక్కరలేని క్రొత్త పూతలు వచ్చిన పిదప, 20వ శతాబ్ది చివరి భాగమున పెక్కు మిల్లులు సుద్దకు మారినవి. సున్నపురాయిని కాల్చి, విరిసిన సున్నమును నీట కలిపి, బొగ్గుపులుసు వాయువును పంపినచో మెత్తని తెల్లని సుద్ద దిగును. గోడకు వేసిన వెల్ల గాలి తగిలి గట్టిపడుటయు ఈ క్రియయే. ఆ సుద్ద కాగితమున నిలువ ధనమువలె ఉండి, ఆమ్లము పుట్టినప్పుడెల్ల దానిని హరించును. 1994లో వెలువడిన అంతర్జాతీయ ప్రమాణము ఐ.ఎస్.ఓ. 9706 చిరకాలము నిలువవలసిన కాగితమున నూటికి 2 పాళ్లకు తగ్గని సుద్దకు సమానమైన క్షారనిధి ఉండవలెనని విధించినది.

ఈ విషయము గ్రంథాలయమునకు ఏమి నేర్పును? జిల్దులు కట్టువారు పురుగు పట్టకుండ మైదాజిగురులో పటికయు మైలుతుత్తమును కలుపు వాడుక కలదు. పురుగుభయము నిజమే, గంజి పురుగునకు ఆహారము. కాని పటిక ఆమ్లమును తెచ్చును. మైలుతుత్తములోని రాగి నార క్షీణతను త్వరపరచును. పురుగునుండి కాపాడబోయి పుటనే పోగొట్టుకొనుట తగదు. ఏనాటి జిగురు ఆనాడు వండి, పలుచగా పూసి, బాగుగ ఆరనిచ్చి, బీరువాలను పొడిగా, గాలి ఆడునట్లు ఉంచుట మేలు. చిరిగిన పుటలకు అంటుడుపట్టీలు వేయరాదు; వాని జిగురు కాలక్రమమున మచ్చపడును. సున్నము మంచిదని ఎవరును స్వయముగా పుస్తకములకు పూయరాదు. అది నిపుణుల పని.

ఒక్క సత్యమును మరువరాదు. సున్నపుచికిత్స రానున్న నష్టమును మందగింపజేయునే గాని, తెగిన నారను అతుకజాలదు. కావున మరల దొరకని గ్రంథములను పుట విరుగకముందే ఛాయాచిత్రములుగా తీయించి, క్షారము గల మంచి కాగితముపై ప్రతులు చేయించుట అవసరము. ఈ పనికి ధనముకన్న ముందు జాబితా కావలెను. ఏ పుస్తకము ఎంత శిథిలమైనదో బీరువావారీగా వ్రాసిపెట్టినచో, సగము పని జరిగినట్లే.

గంజి వంటయింటిది, సున్నము గోడది. రెండును ఎరుగని యిల్లు గ్రామమున లేదు. ఆ రెండింటి విలువ నెరిగి పుస్తకములను కాచినచో, స్వర్ణోత్సవమునాడు ఇచ్చట కూర్చుండు బాలురు ఈ పుస్తకములనే విప్పి చదువగలరు.

స్వస్తి.