మనసు పద్దు



రామసముద్రము ప్రాంతమున పట్టుపురుగులు మేపు ఇండ్లలో గోడకొక థర్మామీటరు వ్రేలాడుచుండును. వేడిమి పెరిగినచో తడి గోనెపట్టాలు కట్టుదురు. తగ్గినచో వెచ్చదనము కల్పింతురు. టమాటా రైతు మదనపల్లె మండీ ధర విచారింపక నిద్రపోడు. పురుగునకు, పంటకు ఇంత లెక్క చూచు మనము మనసు విషయమున మాత్రము “ఏమో, బాగా లేదు” అని ఊరకుందుము.

కుంగుబాటు సోమరితనము కాదు, గాలి సోకుట అంతకన్న కాదు. అది రోగము. బెంగుళూరు నిమ్‌హాన్స్ సంస్థ 2015-16లో 12 రాష్ట్రములలో జరిపిన జాతీయ సర్వే ప్రకారము, పెద్దలలో ఇంచుమించు 20 మందికి ఒకరు జీవితములో ఎప్పుడో ఒకప్పుడు దీని వాతబడినవారే.

ఈ రోగమునకొక మాయ కలదు. గడచిన పక్షము ఎట్లున్నదని వైద్యుడు అడిగినచో, రోగి “అన్ని దినములును చీకటియే” అనును. అబద్ధమాడుట కాదు, కుంగిన మనసునకు చీకటి దినములే జ్ఞాపకమునకు వచ్చును. అందుచేత ఏనాటిది ఆనాడే వ్రాసికొనుట మేలు.

మదనపల్లె చెంత ఆరోగ్యవరమున క్షయరోగులకొక చికిత్సాలయము వెలసిన సంగతి ఈ సీమవారెరుగుదురు. అట్టి చోట్ల వైద్యులు ఒక్కనాటి జ్వరము చూచి తీర్పు చెప్పరు. పటము మీద గీత ఎటు సాగుచున్నదో చూతురు. మనసునకును అట్టి గీతయే కావలెను.

చిన్న నోటుపుస్తకము చాలును. రాత్రి పడుకొనుటకు ముందు మనసుకు సున్న మొదలు పది వరకు ఒక అంకె వేయుడు. ఎన్ని గంటలు నిద్రించితిరో, ఆనాడు చేసిన పని ఏదో, ఎవరితో మాటాడితిరో ఒక్కొక్క మాటలో వ్రాయుడు. రెండు నిమిషముల పని.

ఒక గృహిణి పద్దు ఊహింతము. సోమవారము 2, మంగళవారము 2, గురువారము 5. గురువారము వదినగారితో కలిసి మల్బరీ తోటకు ఆకు కోయ పోయినది. ఐదు గొప్ప అంకె కాదు. కాని “ఎన్నడును ఇంతే” యనిన మనసునకు ఆమె చేతివ్రాతయే బదులు చెప్పుచున్నది! మరునాడు ఏ పని పెట్టుకొనవలెనో దానివలననే తెలియును. అమెరికాలో లూయిన్‌సన్ 1970 తరువాతి సంవత్సరములలో మనఃస్థితిని, దినదినపు పనులను జతగా వ్రాయించి ఈ సంబంధమును పరిశీలించెను. ఆరన్ బెక్ 1979లో వెలువరించిన గ్రంథమున ఇట్టి పట్టికలకు చికిత్సలో చోటిచ్చెను. గోవాలో వైద్యులు కాని సామాన్యులే తగు శిక్షణ పొంది, రోగులను తిరిగి పనులలోనికి మెల్లగా మరల్పగా మేలు కలిగెనని 2017లో లాన్సెట్ పత్రిక ప్రకటించినది.

అయినను పద్దు వ్రాయుటయే మందు కాదు. వ్రాసినదానిని ఆరోగ్యకేంద్రమున వైద్యునితోనో, సలహాదారుతోనో కూర్చుండి చదువుకొనవలెను. కొందరికి దినదినము అంకె వేయుటయే కొత్త దిగులగును. వారు మానివేయుటే మంచిది. ఇంటివారికొక మనవి: అత్తగారైనను, భర్తయైనను ఆ పుస్తకమును అడుగక తెరువరాదు. తనిఖీ మొదలైననాడు అందులో నిజము వ్రాయరు.

నిద్ర రెండు మూడు గంటలకు తగ్గి, అంకె మాత్రము తొమ్మిది, పదికి ఎగసినను సంతోషింపవలదు. అది వేరొక వ్యాధి లక్షణము కావచ్చును. వైద్యునకు వెంటనే తెలుపుడు. ఇక చావు తలంపు కలిగినచో పద్దుకొరకు ఆగవలదు. దగ్గరివారికి అప్పుడే చెప్పుడు. రోగిని ఒంటరిగా విడువకుడు. 2022 అక్టోబరులో ఆరంభమైన టెలీ మానస్ సేవకు 14416 సంఖ్యపై ఏవేళనైనను ఫోను చేసి తెలుగులో మాటాడవచ్చును.

ఒకనాడు వ్రాయుట మరచినచో మరునాడు ఊహించి నింపవలదు. ఆ గడిని ఖాళీగానే విడువుడు. ఖాళీ గడులు వరుసగా నాలుగైదు కనబడినచో, అదియు వైద్యునకు చూపదగిన విషయమే.