మాజ్రి సంఘం కంప్యూటర్‌లో తెలుగు



మాది బొగ్గు గనుల ఊరు. మా పిల్లలు బడిలో మరాఠీ చదువుతరు, ఇంట్లో తెలుగు మాట్లాడుతరు. అందుకే సంఘం సభ్యుల పుస్తకం తెలుగులోనే ఉండాలని మేము పట్టుబట్టినాం. పాత కంప్యూటర్‌లో ఉబుంటు లైనక్స్ వేయించినాం, దానికి లైసెన్సు రుసుము లేదు. పేర్లున్నచోట మాత్రం ఖాళీ డబ్బాలు కనబడ్డయి! తెలుగు ఫాంటు లేక అట్లయింది.

లైనక్స్‌లో ప్యాకేజీ మేనేజర్ అని ఒకటుంటది. ఉబుంటులో దాని పేరు ఆప్ట్, ఫెడోరాలో డీఎన్ఎఫ్. మన నూలు డిపో లాంటిదే అనుకోండి. రంగు అడిగితే, అది నూలుకు పట్టడానికి కావలసిన ఉప్పు, సోడా కూడా కలిపి ఇచ్చినట్టు, ఒక సాఫ్ట్‌వేర్ అడిగితే దానికి కావలసిన లైబ్రరీలను ఆప్టే వెతికి తెస్తది.

ముందు టెర్మినల్ తెరిచి, ఇంగ్లీషు అక్షరాల్లో ‘సుడో ఆప్ట్ అప్‌డేట్’ అని కొట్టాలి. దాంతో సరుకు రాదు, డిపోలో ఏమున్నదో జాబితా మాత్రమే వస్తది. పాస్‌వర్డ్ కొడుతుంటే మా దాంట్లో తెరమీద చుక్క కూడా పడలేదు. మెషిన్ ఆగిందని భయపడకండి, కొట్టి ఎంటర్ నొక్కండి. తర్వాత ‘సుడో ఆప్ట్ ఇన్‌స్టాల్ ఫాంట్స్-టెలు-ఎక్స్‌ట్రా’. దేశికాచార్యులు గారు తయారుచేసిన పోతన, వేమన ఫాంట్లు అందులోనే వస్తయి. వత్తులను, గుణింతాలను సరైన చోట కూర్చోబెట్టే పని హార్ఫ్‌బజ్ అనే లైబ్రరీది. అది మా దాంట్లో ముందే ఉన్నది.

ఎక్కడెక్కడివో ఫైళ్ళు తెచ్చి వేయకండి. దించుకునేటప్పుడే నెట్ కావాలి, తర్వాత లేకున్నా తెలుగు పోదు. మీ సంఘంలో పిల్లలెవరికైనా ఈ పేజీ చూపించి వేయించుకోండి.