పట్టా పుచ్చుకున్న రచయిత పుస్తకం దాకా వెళ్లే దారి



క్రియేటివ్ రైటింగ్‌లో డిగ్రీ చేస్తే పుస్తకం అచ్చవుతుందా? ఈ ప్రశ్న ఇప్పుడు తెలుగు ఇళ్లలోనూ వినిపిస్తోంది. అమెరికాలో పెరిగిన పిల్ల కంప్యూటర్ చదువు మానేసి కథలు రాయడం నేర్చుకుంటానంటే తల్లిదండ్రులకు దిగులే. ఆ దారిలో నడిచినవాళ్ల సంగతులు తెలిస్తే ఆ దిగులు కొంత తగ్గుతుంది, తొందరపాటూ తగ్గుతుంది.

అమెరికాలోని ఐయోవా విశ్వవిద్యాలయంలో రైటర్స్ వర్క్‌షాప్ అనే రచనా కోర్సు 1936లో మొదలైంది. రచయిత్రి ఫ్లానరీ ఒకానర్ 1945లో అక్కడికి జర్నలిజం చదవడానికి వెళ్లి, వర్క్‌షాప్‌లోకి మారి, 1947లో ఎం.ఎఫ్.ఏ. పట్టా తీసుకుంది. ఆమె రాస్తున్న నవలలో కొంత భాగం చూసి, అదే ఏడాది రైన్‌హార్ట్ అనే ప్రచురణ సంస్థ 750 డాలర్ల బహుమతి ఇచ్చింది. నవల వేసుకునే మొదటి అవకాశం ఆ సంస్థదే. కొత్త రచయితకు ఇంతకంటే ఏం కావాలి? కానీ అక్కడి ఎడిటర్ కోరిన మార్పులు చేస్తే అది తన నవల కాకుండా పోతుందని ఒకానర్‌కు అనిపించింది. ఒప్పుకోలేదు. యాడో రచయితల నివాసంలో పరిచయమైన కవి రాబర్ట్ లోవెల్ ఆమెను రాబర్ట్ గిరూ అనే ఎడిటర్‌కు పరిచయం చేశాడు. గిరూ పనిచేసే హార్కోర్ట్ బ్రేస్ సంస్థే 1952లో ‘వైజ్ బ్లడ్’ను తెచ్చింది. పట్టాకూ పుస్తకానికీ మధ్య ఐదేళ్లు. చదువు ఆమెకు తొలి పాఠకులను, తొలి గుర్తింపును ఇచ్చింది. ఆ తర్వాత ఎవరికి తలవంచాలో, ఎవరికి వంచకూడదో ఆమే తేల్చుకుంది.

నవలాకారుడు కజువో ఇషిగురో కథ ఇంకాస్త సాఫీగా సాగింది. బ్రిటన్‌లోని ఈస్ట్ ఆంగ్లియా విశ్వవిద్యాలయంలో 1970లో పెట్టిన క్రియేటివ్ రైటింగ్ కోర్సును 1980లో పూర్తిచేశాడు. మరుసటి ఏడాది ఫేబర్ సంస్థ కొత్త రచయితల కోసం వేసే సంకలనంలో అతని కథలు వచ్చాయి, 1982లో అదే సంస్థ తొలి నవల వేసింది. ముందు కథలు, ఆ తర్వాతే నవల. విద్యార్థులు గమనించాల్సింది ఈ వరస. పత్రికల్లో నాలుగు కథలు వచ్చిన రచయిత పంపిన రాతప్రతిని ఎడిటర్ కాస్త శ్రద్ధగా తెరుస్తాడు.

మనకు దగ్గరి ఉదాహరణ వాహిని వర. కెనడాలో పుట్టిన తెలుగు మూలాల రచయిత్రి. వాల్ స్ట్రీట్ జర్నల్‌కు టెక్నాలజీ విలేకరిగా పనిచేసింది, ఐయోవా వర్క్‌షాప్‌లో చదివింది. ఆంధ్రలో కొబ్బరితోటల మధ్య పుట్టిన దళిత కుర్రవాడు ప్రపంచాన్నే శాసించే టెక్ అధిపతి కావడం ‘ది ఇమ్మోర్టల్ కింగ్ రావు’ నవల కథ. రాయడానికి పదేళ్లకు పైగా పట్టింది. 2022లో వచ్చింది, 2023లో పులిట్జర్ తుది జాబితాకు చేరింది. నవల రాస్తూనే ఆమె జర్నలిజంలోనూ పనిచేసింది. రాసే మనిషికి రెండో వృత్తి అవమానం కాదు, ఆసరా. ఇది తల్లిదండ్రులూ, పిల్లలూ ఇద్దరూ వినాల్సిన మాట.

ఇక డబ్బు సంగతి. అప్పుచేసి ఈ డిగ్రీ చదవకండి. ఫీజు మాఫీ చేసి, ఖర్చులకు భృతి కూడా ఇచ్చే కోర్సులు అమెరికాలో ఉన్నాయి. టెక్సస్ విశ్వవిద్యాలయంలోని మిచ్‌నర్ సెంటర్ తన విద్యార్థులందరికీ అలాగే ఇస్తుంది. పుస్తకం సిద్ధమయ్యాక, రచయిత తరఫున దాన్ని ప్రచురణ సంస్థలకు అమ్మిపెట్టే లిటరరీ ఏజెంటు అక్కడ కావాలి. రచయితకు వచ్చే సొమ్ములో ఏజెంటు వాటా సాధారణంగా 15 శాతం. పుస్తకం అమ్మకముందే, చదివినందుకే ఫీజు అడిగేవాళ్లను దగ్గరికి రానివ్వకండి.

తెలుగులో ఏజెంట్ల వ్యవస్థ లేదు. చాలామంది సొంత ఖర్చుతో వేసుకుంటున్నారు. మన ప్రచురణలో అన్నిటికంటే పెద్ద కొరత మంచి ఎడిటర్లది. ఒకరి రాతప్రతిని వాక్యం వాక్యం పట్టి చూడడం వర్క్‌షాప్‌లోనే అలవాటైన యువతకు ఇక్కడ చేతినిండా పని ఉంది. అనువాదంలోనూ ఉంది. ఆ పనిలో ఉంటే ప్రింటింగు, పంపిణీ, అమ్మకాల లోగుట్టు కూడా తెలుస్తుంది.

సొంతంగా వేసుకునేవాళ్లకు మన దేశంలో ఐ.ఎస్.బి.ఎన్. నంబరు ప్రభుత్వ సంస్థ నుంచి ఉచితంగా వస్తుంది, దానికి ఎవరికీ డబ్బు కట్టకండి. ప్రచురణకర్తకు హక్కులు ఇస్తుంటే కాగితం మీదే ఇవ్వండి. 1957 కాపీరైట్ చట్టం ప్రకారం హక్కుల బదిలీ రాతపూర్వకంగానే చెల్లుతుంది. గడువు రాయకపోతే ఐదేళ్లుగా, ప్రాంతం రాయకపోతే భారతదేశం వరకేనని లెక్క. అనువాదం, ఆడియో, సినిమా హక్కులు ఎవరివో విడివిడిగా రాయించుకుని, ఆ తర్వాతే సంతకం పెట్టండి.