ఉంగరము పోయిన శకుంతలలు
(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠము)



ఈ సభలో నాలుగు మాటలు చెప్పుమని కార్యదర్శిగారు కోరినపుడు నేను కొంత సంకోచించితిని. నేను పండితుడను గాను. పగలు లెక్కలు వ్రాసి, రాత్రులందు ఈ గ్రంథాలయపు బీరువాలోని భారత భాగవతములను కూడబలుకుకొని చదివినవాడను. "మీకు తెలిసినదే చెప్పండి" అని వారు ధైర్యము చెప్పిరి. నాకు తెలిసినది పద్దు వ్రాయుట. కావున పద్దును గూర్చియు, ఆ పద్దు యంత్రములోనికి పోయిన తరువాత మనము పడుచున్న పాట్లను గూర్చియు మనవి చేసెదను.

మా వృత్తిలో మొదటి సూత్రమొకటి కలదు. చేనిలో ఏది యున్నదో అదియే అడంగలులో ఉండవలెను. వరి నాటినచో వరి, మినుము చల్లినచో మినుము. అందువలననే లెక్క వ్రాయువాడు గట్ల వెంబడి నడువవలెను. పైయధికారి వచ్చి అజమాయిషీ చేయవలెను. పద్దు వాస్తవమును అనుసరింపవలెను గాని, వాస్తవము పద్దును అనుసరింపరాదు. ఈ సూత్రమును తప్పినవారు పూర్వమును కలరు. చేను చూడక ఇంట కూర్చుండి పంట వ్రాసిన లెక్కలను నేనెరుగుదును. పాత దస్త్రములన్నియు హరిశ్చంద్రుని చేతివ్రాతలని నేననను. కాని, ఆనాడు తప్పు వ్రాసినవాని ఇల్లు ఊరిలోనే ఉండెడిది. రైతు పోయి వాని వాకిట నిలిచి, "ఏమయ్యా, నా చేను ఎవరి పేర వ్రాశావు?" అని నిలదీయుటకు వీలుండెడిది. నేడు తప్పు జరిగినచో నిలదీయుటకు ఆ వాకిలియే కనబడదు. నా మనవి అంతయు ఆ వాకిలిని గూర్చియే.

మొదట మన గ్రంథాలయము సంగతియే చెప్పెదను. ఉద్యోగములకు దరఖాస్తులు పెట్టుకొను పిల్లలకొరకు ఇచట ఇంటర్నెట్టు పెట్టించిన సంగతి మీరెరుగుదురు. గడచిన వర్షాకాలమున అది ఒకనాటి ఉదయమున ఆగిపోయినది. సేవ నడుపువారి నంబరునకు ఫోను చేసితిమి. తెలుగునకు ఒకటి నొక్కుమన్నది, నొక్కితిమి. ఫిర్యాదునకు మూడు నొక్కుమన్నది, నొక్కితిమి. రూటరు నొకసారి ఆపి మరల వెలిగింపుమన్నది, అదియు చేసితిమి. తరువాత చాలసేపు సంగీతము వినిపించినది. గజేంద్రుని మొర ఆలకించి శ్రీహరి పరుగున వచ్చినాడని పోతనగారి భాగవతములో చదువుకొన్న జాతి మనది. మొరపెట్టుకొన్నవానికి వీణానాదము వినిపించి, "మీ మొర మాకు మిక్కిలి విలువైనది, వేచియుండుడు" అని వైకుంఠమునుండి వర్తమానము వచ్చినట్లు ఏ పురాణమునను లేదు.

తుదకు ఫిర్యాదు సంఖ్య యొకటి వచ్చినది. మరునాడు ఫోనులోనికి ఒక సందేశము వచ్చినది: "మీ ఫిర్యాదు పరిష్కరింపబడినది. మా సేవకు ఎన్ని నక్షత్రములిత్తురు?" చూచితిమి. దీపము వెలుగలేదు. మరల ఫిర్యాదు చేసితిమి, మరల పరిష్కరింపబడినది. ఈ విధముగా తొమ్మిది దినములలో మా ఫిర్యాదు నాలుగు పర్యాయములు పరిష్కరింపబడినది. ఇంటర్నెట్టు ఒక పర్యాయమైనను రాలేదు. దరఖాస్తుకు గడువు ముంచుకొనిరాగా ముగ్గురు పిల్లలు వానలో తడిసి పట్నమునకు పోయి ఆ పని ముగించుకొని వచ్చిరి.

పదియవనాడు, ఎవరి ద్వారానో తెలిసికొని, తీగ పనివాని నొకనిని పిలుచుకొని వచ్చితిమి. మురుగు కాలువ త్రవ్వుచుండగా గాజుతీగ తెగినదని అతడు పావుగంటలో కనుగొనెను. ఆ తీగ మందము మిల్లీమీటరులో ఎనిమిదవ వంతు మాత్రమే. తెగిన కొనలను శుభ్రపరచి, చిన్న పెట్టెవంటి యంత్రములో ఎదురెదురుగా నిలిపి, విద్యుత్తు మెరుపుతో కరగించి అతికెను. దీపము వెలిగినది. "ఇన్నాళ్ళు ఏల రాలేదు నాయనా?" అని అడిగితిని. "మాకు ఫిర్యాదే చూపించలేదండి. అక్కడ మూసేసినట్టు ఉంది" అనెను. అతని తప్పేమియు లేదు. తీగ తెగియున్నది వాస్తవము, బాగైనదని పద్దు. తొమ్మిది దినములు పద్దు గెలిచినది, వాస్తవము ఓడినది.

ఇచట నాకు శకుంతల జ్ఞప్తికి వచ్చుచున్నది. భారతములోని శకుంతల కథలో ఉంగరము లేదు. దుష్యంతుడు ఆమెను ఎరిగియుండియు లోకాపవాదమునకు వెరచి ఎరుగననెను. అశరీరవాణి పలికిన పిమ్మట ఒప్పుకొనెను. ఉంగరమును, దుర్వాసుని శాపమును తెచ్చినవాడు కాళిదాసు. ఆ నాటకము పేరే అభిజ్ఞాన శాకుంతలము, అభిజ్ఞానమనగా ఆనవాలు. మనిషి ఎదుట నిలిచియున్నది. ఆనవాలు మాత్రము నీటిలో జారిపోయినది. కావున రాజు ఆమెను ఎరుగననెను. ఒక చేప కడుపునుండి ఉంగరము బయటపడి, ఒక జాలరి దానిని రాజభటులకు చిక్కించినదాక ఆమె ఎవరికిని ఏమియు కాలేదు. చిన్ననాడు దీనిని కవికల్పన అనుకొంటిని. ఇట్టి శకుంతలను ఒకతెను మన యూరిలోనే చూచితిని.

ఆంధ్రప్రదేశములోని చౌకధరల దుకాణములందు 2015 నుండి వ్రేలిముద్ర యంత్రములు వచ్చినవి. అది జరిగిన మరుసటి ఏటి మాట. ఒక మామ్మ ఉండెడిది. పేరు చెప్పను, ఇపుడామె లేదు. అంత్యోదయ కార్డుపై నెలకు 35 కిలోల బియ్యము ఆమె జీవనాధారము. ఏబదియేండ్లు నాట్లు వేసి, కలుపు తీసి, ఇటుకలు మోసిన చేతులవి. అట్టి పనిచేత వ్రేళ్ళమీది గీతలు అరిగిపోవును. ముసలితనమున చర్మమెండి మరింత చెరగును. యంత్రము వ్రేలిగీతలను దూరమందున్న సర్వరునకు పంపును. అది తనయొద్ద ముందుగా దాచిన గుర్తులతో పోల్చి చూచి ఔననియో, కాదనియో జవాబిచ్చును. దానికి మూడవ మాట రాదు. మామ్మ పది వ్రేళ్ళును పెట్టినది. పదింటికిని కాదనియే వచ్చినది. సిగ్నలు లేదేమో అని యంత్రమును వీధిలోని వేపచెట్టు క్రిందికి తెచ్చి చూచిరి. అచటను కాదనినది.

ఆ దుకాణము నడుపు డీలరు పుట్టిననాడు పురిటింట నీళ్ళు కాచినది ఆ మామ్మయే. అతడామెను ఎరుగడా? ఎరుగును. కాని, "ఏం చేసేది మామ్మా, మిషను ఒప్పుకోవడం లేదు" అనినాడు. యంత్రము ఔననక బియ్యమిచ్చినచో లెక్క తగ్గును, ఆ తగ్గు అతని మెడకు చుట్టుకొనును.

ఇట్టివారి కొరకు ప్రభుత్వము ఒక వాకిలి ఉంచకపోలేదు. వ్రేలిముద్ర పడనివారికి గ్రామ రెవిన్యూ అధికారి స్వయముగా వచ్చి తన వ్రేలిముద్ర వేసినచో బియ్యమిచ్చు ఏర్పాటుండెను. అనగా ఆ వాకిలి నేనే. కరణపు పదవి 1984లో రద్దైనను గ్రామలెక్కలు వ్రాయువానిని ఊరివారు నేటికిని కరణమనియే పిలుచుచున్నారు గదా! మామ్మ నాకొరకు మూడు దినములు తిరిగినది. నేను ఊరిలో లేను. మండల కార్యాలయమున కంప్యూటరు ముందు కూర్చుండి భూముల వివరములు ఎక్కించుచుంటిని. గడువు దగ్గరపడినది, సర్వరు నడువదు, పైనుండి తొందర. ఇన్ని కారణములున్నవి, ఎన్ని చెప్పినను నేను లేకపోతినన్నది వాస్తవము.

నాలుగవనాటి సాయంకాలమున ఆమె మా అరుగుమీద కూర్చుండియున్నది. నన్ను చూచి లేచి ఇట్లన్నది: "కరణంగారూ, నేను నేను కాదంటోందండీ ఆ మిషను. మీరైనా చెప్పండి బాబూ, నేను నేనేనని."

మరునాడు తెల్లవారగానే పోయి నా వ్రేలు పెట్టితిని. లిప్తకాలములో యంత్రము ఔననినది. ఏబదియేండ్లు మట్టిలో పనిచేసిన వ్రేలిని అది నమ్మలేదు. కలము తప్ప మరేమియు పట్టని నా వ్రేలిని నమ్మినది. ఆ నాలుగు దినములు మామ్మ ఏమి తినినదో నేనడుగలేదు. అడుగుటకు నాకు మొగము చెల్లలేదు. యంత్రమును తిట్టుట సులభము. కాని ఆ దినములలో దుకాణమునొద్ద యంత్రమున్నది, లేనివాడను నేను.

తరువాత 2017 అక్టోబరు 24వ తేదీన కేంద్ర ప్రభుత్వ ఆహార శాఖవారు రాష్ట్రములకు వ్రాయుచు, వ్రేలిముద్ర సరిపోలలేదనియో, సంకేతములందలేదనియో అర్హులకు ధాన్యము నిరాకరింపరాదని ఆదేశించిరి. మంచి ఆదేశము. కాని ఆదేశమును చదివి చెప్పు మనిషి దుకాణమునొద్ద ఉన్ననాడే అది మామ్మవంటివారికి పనికివచ్చును.

నేను యంత్రములకు శత్రువును గాను. పూర్వము లేని మనుష్యుల పేరున్న కార్డులపై ఎంత బియ్యము దారితప్పెనో పెద్దలెరుగుదురు. 2015లో మీభూమి అను పేర భూమి లెక్కలను ఇంటనుండియే చూచుకొను వీలు కలిగినది. నావంటివాని యింటిముందు రైతు పడిగాపులు కొంత తగ్గినవి. నావంటివాని అహంకారమును కొంత తగ్గినది. రెండును మంచివే. ఆనవాలు అడుగుట దోషము కాదు. దాని నొక్కదానినే నమ్ముట దోషము.

దీనికి దారి రామాయణములో ఉన్నది. అశోకవనమున హనుమంతుడు కనబడినపుడు సీతమ్మ వెంటనే నమ్మలేదు. రాక్షసమాయ యని శంకించినది. రాముని రూపురేఖలను చెప్పుమని అడిగినది. చెప్పగా శ్రద్ధతో విన్నది. ఆ పిమ్మటనే ఉంగరమును అందుకొన్నది. తిరిగి పంపునపుడును చూడామణి యిచ్చుటతో పాటు, తామిద్దరికి మాత్రమే తెలిసిన కాకి కథను ఆనవాలుగా చెప్పి పంపినది. దుష్యంతుడు ఉంగరము లేదని మనిషిని కాదనెను. సీతమ్మ మనిషిని మాటలాడించి, విని, ఉంగరముతో సరిచూచుకొన్నది. మన కచేరీలును, కంపెనీలును సీతమ్మ పద్ధతిని నేర్చుకొనవలెనని నా ప్రార్థన.

అవి నేర్చుకొనువరకు మనమేమి చేయవలెను? 1935లో పాతూరి నాగభూషణముగారి కృషివలన కృష్ణా కాలువలపై పడవలలో పుస్తకములు పల్లెలకు పోయినవి. పాఠకుడు రాలేనిచోటికి గ్రంథాలయమే పోయినది. చదువు రానివారికి పత్రికలు చదివి వినిపించుట ఆనాటి గ్రంథాలయములలో ఒక ధర్మము. ఆ ధర్మము నేటికి తీరిపోలేదు. చదువవలసినది మాత్రము మారినది. కావున ఈ రజతోత్సవ సందర్భమున మూడు మనవులు చేయుచున్నాను.

మొదటిది: ప్రతి ఆదివారము ఉదయము ఈ వసారాలో ఒక బల్ల వేయుదము. చదువుకొన్న పిల్ల గాని, పిల్లవాడు గాని దానియొద్ద కూర్చుండి, ఫోనులోనికి వచ్చిన సందేశమును చదివి పెద్దలకు అర్థము చెప్పవలెను. కాగితముపై అర్జీ వ్రాసిపెట్టవలెను.

రెండవది: ఆ బల్లపై ఒక పుస్తకముండవలెను. ఒక ప్రక్క యంత్రము చెప్పినది, రెండవ ప్రక్క కంటికి కనబడినది, తేదీతో వ్రాయవలెను. ఫోను, ఇంటర్నెట్టు సేవలవారు ప్రతి ఫిర్యాదునకు సంఖ్య ఇయ్యవలెననియు, పరిష్కారము తృప్తికరము కానిచో ఆ కంపెనీలోనే రుసుము లేకుండ పైవారికి అప్పీలు చేసికొనవచ్చుననియు ట్రాయి సంస్థవారి 2012వ సంవత్సరపు నిబంధనలు చెప్పుచున్నవి. మన ఫిర్యాదును వారు నాలుగు పర్యాయములు మూసివేసినపుడు ఈ సంగతి నాకును తెలియదు. సంఖ్యయు తేదీయు వ్రాసియుంచినవానికే అట్టి అప్పీలు సాధ్యము.

మూడవది: బల్లయొద్ద కూర్చుండువారు ఎవరి రహస్య సంఖ్యను గాని, ఓటీపీని గాని అడిగి వ్రాసికొనరాదు. ఎవరైనను మోసపోయి డబ్బు పోగొట్టుకొన్నచో ఆ క్షణముననే 1930 నంబరునకు ఫోను చేయించవలెను. ఆలస్యమైన కొలది పోయిన సొమ్ము తిరిగి వచ్చుట కష్టము.

మొదటి ఆదివారము ఆ బల్లయొద్ద నేను కూర్చుండెదను. అది దాతృత్వము కాదు. ఒక మామ్మకు నేను పడియున్న నాలుగు దినముల బాకీ. మామ్మ లేదు గనుక ఆ బాకీని ఊరి పేర జమకట్టుకొనుడని ప్రార్థించుచున్నాను.